చచ్చిన చెట్టుకి పర్మిట్ అక్కర్లేదు

మా ఊళ్ళో అయిదు మీటర్లు దాటిన చెట్టును కొట్టాలంటే కౌన్సిల్ పర్మిట్ కావాలి. చెట్టు నీ పెరట్లో ఉన్నా అంతే, నీ ఇంటి కప్పు మీదికి వాలి ఉన్నా అంతే. నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ లేదన్నారు.

మొదటిసారి, ఆకులూ బెరడూ రాలి చూరు గొట్టాలు పూడుకుపోవడం కారణం కాదన్నారు. రెండోసారి, భయం కారణం కాదన్నారు. కాగితంలో ఆ మాటే రాశారు: "నివాసి భయం చెట్టు తొలగింపునకు కారణం కాజాలదు." ఆ నివాసి నా భార్య మెర్ల్. ముప్పై రెండు మీటర్ల నీలగిరి చెట్టు ఆమె పడుకునే గది మీదికి ఒరిగి ఉండేది. ఊపిరితిత్తులు పాడై రెండేళ్ళుగా ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్న మనిషి. మంచం దిగి పారిపోగలిగిన వాళ్ళ భయం వేరు, ఆమె భయం వేరు. కౌన్సిల్‌కి రెండూ ఒకటే.

మూడోసారి అడగడానికి కారణం వేరే ఉంది. నీలగిరి చెట్లకు ఒక పాడు గుణం. ఈదురుగాలికి నిలబడతాయి. ఎండ మండిపోతూ ఆకు కదలని మధ్యాహ్నం, ఉన్నట్టుండి కొమ్మ వదిలేస్తాయి. జనవరిలో, మా వైపు అది నడి ఎండాకాలం, అలాంటి రోజున ఒక కొమ్మ వదిలింది. మనిషి నడుమంత లావు కొమ్మ. అది కప్పు మీద పడలేదు, కరెంటు తీగ మీద పడింది. మిషన్ ఆగింది. దగ్గరున్న సిలిండర్లో సగమే ఉంది. మా కొండ మీదికి అంబులెన్సు వచ్చేసరికి మెర్ల్ పెదవులు నీలంగా అయ్యాయి. నాలుగో రోజు పోయింది.

నేను మళ్ళీ దరఖాస్తు పెట్టాను. విరిగిన కొమ్మ ఫోటో జత చేశాను. జవాబు ఆరు వారాలకు వచ్చింది. "ఒక్క కొమ్మ విరిగినంత మాత్రాన చెట్టులో లోపం ఉన్నట్టు కాదు." కింద సంతకం జి. హాలోరన్, చెట్ల అధికారి. మూడు కాగితాల మీదా అదే సంతకం.

ఆ రోజు నియమాల పుస్తకం చివరి పేజీ చదివాను. పర్మిట్ అక్కర్లేనివి ఏవో అక్కడ ఉన్నాయి. పండ్ల చెట్లు. కలుపు చెట్లు. చచ్చిన చెట్లు. చచ్చిన చెట్టయితే ఫోటోలు తీసి కౌన్సిల్‌కి తెలియజేస్తే చాలు. అధికారి వచ్చి చూస్తుంది. పద్నాలుగు రోజులాగి కొట్టుకోవచ్చు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు క్వారీలో పనిచేశాను. పేలుడు మందు కూరడానికి రాతికి తూట్లు వేయడం నా పని. చెట్టు రాయి కంటే మెత్తన. ఏప్రిల్లో ఒక ఆదివారం, ఊరంతా ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి దిగువకు వెళ్ళినప్పుడు, మొదలు చుట్టూ పదకొండు తూట్లు వేశాను. ఒక్కొక్కటీ జానెడు లోతు, మందు బయటికి కారకుండా లోపలికి వాలుగా. నీళ్ళు కలపని కలుపు మందు పోశాను. కిటికీలకు పెట్టే లప్పంతో మూశాను. పైన అదే చెట్టు బెరడు అతికించాను. పని శుభ్రంగా చేశాను. నా పని ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది.

సెప్టెంబరుకల్లా ఆకు లేదు.

పక్కింటి నోరీన్ అప్పుడే తుంటి ఎముక మార్పించుకుని ఆస్పత్రి నుంచి వచ్చింది. చేతికర్ర పట్టుకుని కంచె దగ్గర నిలబడింది.

"క్లెమ్, నీ చెట్టుకి బోడిగుండు చేయించావేంటి?"

"ముసలిదైపోయింది. నీలాగే."

"నాకు తుంటి మార్చారు. దానికీ మార్పించు."

"నీ తుంటితోనే సర్కారు దివాలా తీసింది. ఇంకో దానికి ఎక్కడ తెస్తారు?"

ఆవిడ నవ్వింది. నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చెట్టు చచ్చిందని అప్పుడే చెబితే అనుమానం వస్తుంది. ఊరంతా పచ్చగా ఉంటే నాదొక్కటే ఎందుకు చచ్చిందని అడుగుతారు. ఆగాను. ఆ ఎండాకాలం కరువొచ్చింది. డిసెంబరు నుంచి మూడు నెలలు చినుకు లేదు. కొండ మీద చెట్లు బారులు బారులుగా ఎర్రబడి చచ్చాయి. జనం ఏడ్చారు. నాకు కలిసొచ్చింది. ఇంకా ఆగి, చలికాలం చివర, ఆగస్టులో ఫోటోలు పంపాను.

హాలోరన్ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో కాగితాలు పెట్టి రాసుకునే అట్ట. ఆ వారంలో చూడాల్సిన చెట్లు నలభై ఉన్నాయని చెప్పింది. తల పైకెత్తి ఒకసారి చూసింది. మొదలు చుట్టూ నడిచింది. నా లప్పం మీద ఆమె చెయ్యి వేసింది.

"ఆకులు ఎప్పుడు రాలాయి, క్లెమ్ గారూ?"

"ఫిబ్రవరిలో."

"అన్నీ అప్పుడే పోయాయి," అంది. "మంచి చెట్టు. పాపం."

పాపమట. నా భార్య పోయినప్పుడు ఆ మాట ఏ కాగితంలోనూ రాయలేదు.

ఆమె అట్ట మీద "కరువు" అని రాసి వెళ్ళిపోయింది. ఆ సంతకాన్ని మోసం చేశానని ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

ఆ తర్వాత తెలిసింది, చెట్టు చావడం వేరు, దాన్ని దించడం వేరని. మా ఇల్లు కొండవాలు మీద ఉంది. క్రేన్ ఎక్కే దారి లేదు. మొదలు కొట్టి పడగొడితే నా ఇంటి మీదో నోరీన్ ఇంటి మీదో పడుతుంది. మనిషి ఎక్కి, పైనుంచి ముక్కలు ముక్కలుగా కోసి, తాడుతో దించాలి. ఇద్దరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపి పోయారు. మూడోవాడు మాడిగన్. వాడూ వాడి పెళ్ళామూ కలిసి చేసుకునే పని. ఆమె పేరు జోడీ. వాడు పైన, ఆమె కింద.

సెప్టెంబరు మొదటి సోమవారం పొద్దున్నే వచ్చారు. మాడిగన్‌కి నలభై ఉంటాయి, గడ్డం, కోతిలా పొడుగు చేతులు. లారీ దిగగానే చెట్టు కేసి చూస్తూ నిలబడ్డాడు. గుడ్ మార్నింగ్ లేదు.

"పెద్దాయనా, ఎప్పుడు చచ్చింది ఇది?"

"ఫిబ్రవరిలో."

"ఎండకేనా?"

"ఎండకే. కౌన్సిల్ వాళ్ళు కూడా అదే రాశారు."

"కౌన్సిల్ వాళ్ళు ఎక్కరు కదా, నేనెక్కుతాను. అందుకే నిన్నడుగుతున్నా."

"ఎండకే అన్నాను కదా."

"సన్న రెమ్మలు కూడా లేవేం?"

"మార్చిలో గాలులు. పైగా తెల్ల చిలకలు. రోజంతా పీకుతూనే ఉంటాయి."

వాడు ఇంకాసేపు చూశాడు. తర్వాత తల ఊపాడు. నమ్మాడు. ముసలివాడి మాట, పైన కౌన్సిల్ కాగితం. నమ్మక ఏం చేస్తాడు?

సన్నతాడు చివర బరువు సంచి కట్టి పైకి విసిరాడు. మూడోసారికి పెద్ద పంగలో పడింది. దాని వెనక లావుతాడు లాగాడు. అప్పుడు ఇద్దరూ కలిసి ఆ తాడు పట్టుకుని నేల మీంచి కాళ్ళెత్తి వేలాడారు. ఊగారు. పంగ కిర్రుమంది కానీ నిలిచింది.

"ఏంటది, ఉయ్యాల?" అన్నాను.

"ఇద్దరి బరువు మోస్తే ఒకడి బరువు మోస్తుంది," అంది జోడీ, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ. "నేను ఈ మధ్య కేకులు ఎక్కువ తింటున్నా, అందుకని పరీక్ష ఇంకా గట్టిది."

"అది చాలా?"

"ఎండకి చచ్చిన దానికి చాలు. ఎండకి చచ్చింది పైనుంచి కిందికి ఎండుతుంది. ఏడాది లోపల మొదలు గట్టిగానే ఉంటుంది. మందు పెట్టి చంపినవి ఉంటాయి చూడు, వాటి దగ్గరికే పోము. అవి మొదట్లోంచి పుచ్చుతాయి. తూట్లలోంచి చెదలు దూరుతుంది. కింద నించుంటే బండలా కనపడతాయి. పైన మనిషి ఊగితే కింద విరుగుతాయి." మొగుడి నడుముపట్టీ కట్లు ఒక్కొక్కటీ లాగి చూస్తూ చెప్పింది. "పోయినేడు తీరం దగ్గర ఒకతను అలాగే పోయాడు. సముద్రం కనపడ్డంలేదని ఇంటివాడెవడో మందు పెట్టాడట. చెప్పలేదు."

నేను చచ్చిన చెట్టు చచ్చిన చెట్టే అనుకున్నాను. రాయిని ఎలా పగలగొట్టినా రాయే కదా. ఈ సంగతి నాకు తెలియదు. అది నిజం. కానీ ఇప్పుడు తెలిసింది. అదీ నిజం.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పదిహేడు నెలలు నోరు మూసుకున్నాను, ఇంకో అయిదారు గంటలు మూసుకోలేనా అనుకున్నాను. చెబితే హాలోరన్ గెలుస్తుంది. మెర్ల్‌కు ఇవ్వని న్యాయం వాళ్ళు చెట్టుకు ఇస్తారు. మాడిగన్ ఎక్కడం మొదలుపెట్టాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

వాడు పది మీటర్లు ఎక్కాడు. పదిహేను. ఒరిగిన వైపు చిన్న కొమ్మలు కోసి తాడు కట్టి దించుతున్నాడు. జోడీ వాటిని ఈడ్చుకెళ్ళి కొమ్మలు నుగ్గుచేసే మిషన్లో వేస్తోంది. ఆ మిషన్ రొదకు చెవులు పనిచేయవు. చెట్టు మొదలు దగ్గర నేల మీద ఎర్రటి పొడి రాలుతోంది. పైనుంచి వచ్చే రంపపు పొట్టు తెల్లగా ఉంది. ఇది తెల్లగా లేదు. మొదట్లోంచే వస్తోంది, నా తూట్ల ఎత్తు నుంచి. వాడు ఊగినప్పుడల్లా కాస్త రాలుతోంది.

జోడీ అటు చూడలేదు. మిషన్ అవతల ఉంది.

నోరీన్ వచ్చింది, గుడ్డ కప్పిన పళ్ళెంతో. పనివాళ్ళకి కేకు. వరండా మెట్టెక్కి నా పక్కన నిలబడింది. చెవి దగ్గరికి వంగి అరిస్తే గాని వినపడదు.

"ఎప్పుడు చచ్చిందని చెప్పావు వీళ్ళకి?"

"ఫిబ్రవరి."

"నా తుంటప్పటికే దీనికి ఆకు లేదు కదా, క్లెమ్."

"నువ్వు మందుల మత్తులో ఉన్నావు అప్పుడు."

"నా తుంటికి చేశారు ఆపరేషను. కళ్ళకి కాదు."

ఆవిడ నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. పళ్ళెం కింద పెట్టింది.

"ఏం చేశావ్?" అంది. ఆ మాట నాకు వినపడలేదు. పెదవులు చూసి తెలుసుకున్నాను.

పైన మాడిగన్ పెద్ద పంగ దాటి అవతలి వైపు ఊగాడు. చెట్టు మొత్తం కదిలింది. పైభాగం కాదు, మొత్తం. గాలికి చెట్టు ఊగితే పైన ఎక్కువ ఊగుతుంది, కింద కదలదు. ఇది కిందే కదిలింది, దంతం చిగుళ్ళలో కదిలినట్టు.

జోడీ మిషన్ దగ్గర్నుంచి తిరిగి వచ్చి వాడి తాడు పట్టుకుంది. ఆమె పైకి చూడటం లేదు. చేతిలో తాడునే చూస్తోంది, దాని బిగువు వేళ్ళతో తడుముతోంది. మెర్ల్ ముక్కుకు పెట్టిన గొట్టాన్ని నేను అలాగే పట్టుకునేవాణ్ణి, గాలి వస్తోందా లేదా అని.

నేను లేచాను. మెట్లు దిగి మిషన్ దగ్గరికి వెళ్ళాను. అరిస్తే వినపడదు. పక్కన ఎర్ర మీట ఉంది. కొట్టాను. మిషన్ ఆగింది. కొండంతా నిశ్శబ్దమైంది.

జోడీ కోపంగా తిరిగింది. "తాతా, చెయ్యి తియ్! ఏం ఆటలా ఇవి?"

"మందు పెట్టి చంపాను. నేనే. పోయినేడు ఏప్రిల్లో. మొదలు చుట్టూ పదకొండు తూట్లు."

ఆమె అరవలేదు. తాడు వదల్లేదు. తల పైకెత్తి, ఇంట్లో అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"మైకేల్."

పైన ఉన్న మాడిగన్ అసలు పేరు అది. అందరూ మిక్ అనే పిలుస్తారు. లారీ మీద కూడా అదే పేరు. మైకేల్ అని విన్నాక వాడు ఒక్క ప్రశ్న వేయలేదు. రంపం ఆపి నడుముకు తగిలించాడు. ఊగకుండా, కాలు చెట్టుకు తన్నకుండా, సంచిలా వేలాడుతూ జారడం మొదలుపెట్టాడు. ఆమె తాడు వదులుతూ ఉంది, జానెడు, జానెడు.

నేను నోరు తెరిచాను. "నా భార్య..."

"మీ ఆవిడ గురించి ఇప్పుడు చెప్పకు," అంది, నావైపు చూడకుండా. "నా మొగుడు అక్కడున్నాడు."

నేలకు ఇంకా ఎనిమిది మీటర్లుండగా, తాడు వేసిన పంగ విరిగింది. తుపాకీ పేలినట్టు వినపడింది. వాడు తాడుతో సహా కిందికి వచ్చేశాడు. కానీ అడ్డంగా ఇంకో కొమ్మ మొండికి తాడు చిక్కింది. నేలకు మనిషెత్తు దూరంలో ఆగి, గిర్రున తిరిగి, భుజం చెట్టుకు కొట్టుకున్నాడు. విరిగిన పంగ వాడి పక్కనే పడి నేలలో మూరెడు దిగింది. నోరీన్ కేక పెట్టింది. జోడీ కత్తితో తాడు కోసింది. వాడు నేల మీద పడి, లేచి, ఎడమచెయ్యి వేలాడుతుండగానే, చెట్టు కింది నుంచి కుడిచేత్తో ఆమె చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ కంచె దాకా పరుగెత్తాడు.

అక్కడ ఆమె వాడి మెడ, పక్కటెముకలు, కాళ్ళు తడిమింది. చెయ్యి విరిగింది. అంతే.

కాసేపటికి వాడొక్కడే తిరిగొచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొయ్యసుత్తి తీసి, చెట్టు మొదలు మీద బాగున్న చేత్తో తట్టుకుంటూ చుట్టూ నడిచాడు. ఒకచోట ఆగాడు. కత్తి మొనతో బెరడు ఊడదీశాడు. లప్పం పెళ్ళగించాడు. వెనకాలే చెదలు బొలబొలా రాలింది. అలా ఒక్కొక్కటీ తెరిచాడు. పదకొండూ అయ్యాక సుత్తి జేబులో పెట్టుకున్నాడు.

"శుభ్రంగా చేశావు," అన్నాడు. "నేను కౌన్సిల్‌కి రాయాలి దీని గురించి. లైసెన్సు ఉన్నవాడు చూస్తే రాసి తీరాలి."

"రాసుకో."

"ఫిబ్రవరి అన్నావు."

"అన్నాను."

"రెండుసార్లు అడిగాను నిన్ను, పెద్దాయనా."

వాళ్ళు లారీ ఎక్కి వెళ్ళిపోయారు. జోడీ నడిపింది. తాళ్ళు ఇక్కడే వదిలేశారు. ఒకటి ఇంకా పైన వేలాడుతోంది.

గురువారం హాలోరన్ వచ్చింది, ఇంకో ఇద్దరితో. చెట్టు చుట్టూ పసుపు పట్టీ కట్టారు. తూట్లకు నంబర్లు అంటించి ఫోటోలు తీశారు. మొదలుకు ఒక బోర్డు కొట్టారు: ఈ చెట్టును ఎవరో చంపారు, విచారణ జరుగుతోంది, ముట్టుకోరాదు. ఎవరో అని రాశారు. నా పేరు తెలిసీ.

"విచారణ అయ్యేదాకా ఇది సాక్ష్యం," అంది హాలోరన్. "కొమ్మ కూడా తియ్యకూడదు. చెట్టు వైపు రెండు గదులూ ఖాళీ చెయ్యండి."

"ఎన్నాళ్ళు?"

"అయిదు నెలలు. ఆరు కావచ్చు."

"అది కింద కదులుతోంది. చూశారా?"

"చూశాను."

"ముప్పై రెండు మీటర్ల చెట్టు. నా ఇల్లు ఈ చివర నుంచి ఆ చివరకు పద్నాలుగు మీటర్లు. రెండు గదులు ఖాళీ చేస్తే మూడో గదికి రాదా?"

ఆమె పెన్ను మూత పెట్టింది. మొదటిసారి నన్ను సూటిగా చూసింది. కళ్ళ కింద నలుపు. ఆమెకూ నిద్ర లేదేమో. నాకు జాలి కలగలేదు.

"మీ మూడో దరఖాస్తు మళ్ళీ తీసి చదివాను, క్లెమ్ గారూ. ఆ కొమ్మ గురించి. నేను అప్పుడు వచ్చి చూడకుండానే సంతకం పెట్టాను."

"ఇప్పుడు చెబుతున్నారు."

"మీరూ ఇప్పుడే చెప్పారు."

పైనుంచి తాడు ఊగుతోంది.

"ఈ లోపలే పడితే?" అన్నాను.

"పడిన దానికి ఏ కాగితమూ అక్కర్లేదు," అంది. "తీసేసుకోవచ్చు. కానీ ముందు ఫోటోలు తీసి పంపించండి."

"తియ్యడానికి నేను ఉండాలి కదా."

ఆమె పసుపు పట్టీ దాటుకుని కారు దగ్గరికి నడిచింది.

ఆ సాయంత్రం నోరీన్ ఇంటి ముందు టాక్సీ ఆగింది. ఆవిడ స్నానాలగది కూడా చెట్టు పడే దూరంలోనే ఉంది. రెండు పెట్టెలు, పిల్లి బుట్ట. చెల్లెలింటికి వెళుతోందని డ్రైవరుకి చెప్పడం వినిపించింది. కంచె దగ్గర నేను నిలబడే ఉన్నాను. ఆవిడ పిల్లి బుట్ట ఒళ్ళో పెట్టుకుని తలుపు వేసుకుంది. నావైపు తిరగలేదు.

టాక్సీ వంపు తిరిగాక ఈ వాలు మీద మిగిలింది నేనూ, అదీ. శనివారం నుంచి పడమటి గాలి అని రేడియోలో చెప్పారు. అది చెట్టు వైపు నుంచి ఇంటి మీదికి వీచే గాలి. మొదలు దగ్గర ఎర్రపొడి కుప్ప నిన్నటి కంటే పెరిగింది.